వరుస తప్పిన పద్దెనిమిది ఎపిసోడ్లు: ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ కథ

తొమ్మిదో తరగతి చదివే నీల్ ష్వైబర్‌కి వాళ్ళ నాన్న కారులో ఓ రిమోట్ దొరుకుతుంది. గరాజ్ తలుపు తెరిచే రిమోట్. అది వాళ్ళింటిది కాదు. పళ్ళ డాక్టరైన ఆ నాన్న ఎవరో ఆవిడతో కనబడ్డాడని అప్పటికే స్నేహితుడి నోట విని ఉన్నాడు. ఇక ఆ పిల్లాడు సైకిలెక్కి వీధి వీధీ తిరుగుతాడు. ప్రతి ఇంటి ముందూ ఆగుతాడు, రిమోట్ చాపి మీట నొక్కుతాడు, తలుపు కదలకపోతే ముందుకు సాగుతాడు. తెరుచుకోకుండా ఉంటే బాగుండునన్న కోరికతోనే నొక్కుతున్నాడని వాడి మొహం చూస్తే తెలిసిపోతుంది. చివరికి ఒక తలుపు లేస్తుంది. లోపల నాన్న కారు.

‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో ఇది 12వ ఎపిసోడ్. 2000 మార్చి 13న అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో వచ్చింది. ఆ తలుపు లేచాక ఆ ఇల్లు ఏమైంది, తల్లికి సంగతి తెలుసా తెలియదా అన్నదంతా 15వ ఎపిసోడ్‌లో ఉంది. అది ఎన్‌బీసీలో రానే లేదు. ఏడు నెలలు పోయాక, అక్టోబరులో, ఫాక్స్ ఫ్యామిలీ అనే కేబుల్ ఛానెల్లో వచ్చింది. మరి మొత్తం సిరీస్‌కి ముగింపైన 18వ ఎపిసోడో? అది జులైలోనే ప్రసారమైపోయింది. ముందు శుభం కార్డు పడింది, తర్వాత మధ్య కథ వచ్చింది.

ఈ సిరీస్ మాటొస్తే చాలామంది ‘మంచిదే, జనం చూడలేదు, ఆపేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: ప్రసారం ఎలా సాగింది, లెక్క ఎలా కట్టారు, ఆగిపోయాక కొన్నేళ్ళ పాటు కొనుక్కుందామన్నా ఎందుకు దొరకలేదు. విడదీసి చూస్తే జనం మీద వేసిన నింద చాలావరకు నిలబడదు.

మెట్ల కింద ఉన్నవాళ్ళు

సృష్టికర్త పాల్ ఫీగ్. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ జడ్ అపటౌ. తీసింది డ్రీమ్‌వర్క్స్ టెలివిజన్ విభాగం. కథాస్థలం మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివార్లలోని చిప్పెవా అనే కల్పిత ఊరు, అందులో మెకిన్లీ హైస్కూల్. కాలం 1980–81 విద్యా సంవత్సరం. ఫీగ్ పెరిగింది ఆ ప్రాంతంలోనే, చదువుకున్నదీ ఆ రోజుల్లోనే.

అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా. లిండ్సే వియర్ పదకొండులో ఉంటుంది, మన లెక్కన ఇంటర్ మొదటి సంవత్సరం. తమ్ముడు సామ్ తొమ్మిదిలో. నాన్న హెరాల్డ్‌ది ఆటసామాన్ల కొట్టు. ఈయన భోజనాల బల్ల దగ్గర చెప్పే నీతికథల్లో తప్పుదారి పట్టినవాడెవడైనా సరే చివరికి చచ్చిపోవాల్సిందే. లిండ్సే లెక్కల్లో దిట్ట, స్కూల్ తరఫున గణితం పోటీలకు వెళ్ళిన పిల్ల. నాయనమ్మ చనిపోయేటప్పుడు పక్కన తనొక్కతే ఉంది. అవతల ఏమైనా కనబడుతోందా అని అడిగితే ‘ఏమీ లేదు’ అంది ఆవిడ. ఆ మాట విన్న పిల్లకి లెక్కల పోటీలు చప్పబడిపోయాయి. నాన్న పాత మిలిటరీ జాకెట్ తగిలించుకుని స్కూల్లో ‘ఫ్రీక్స్’ అనిపించుకునే గుంపు వైపు నడిచింది. తమ్ముడు సామ్, వాడి నేస్తాలు నీల్, బిల్ ‘గీక్స్’.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక చోట తడబడే వీలుంది. మన దగ్గర ర్యాంకులొచ్చే కుర్రాడికి క్లాసులో గౌరవం ఉంటుంది. పెళ్ళిళ్ళలో చుట్టాలు పిలిచి మరీ మాట్లాడతారు. ఆ స్కూల్లో పెత్తనం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళది, వాళ్ళను ఉత్సాహపరిచే చీర్‌లీడర్లది. గీక్ అంటే బాగా చదివేవాడని అర్థం కాదు. ఒళ్ళు ఇంకా ఎదగనివాడు, సైన్స్ ఫిక్షనూ కామెడీ డైలాగులూ వల్లించేవాడు, బంతితో అవతలివాణ్ణి కొట్టే డాడ్జ్‌బాల్ ఆటలో అందరి దెబ్బలూ తినేవాడు. ఫ్రీక్స్ అంటే క్లాసులెగ్గొట్టి సిగరెట్లు, గంజాయి కాల్చే జట్టు. రెండు గుంపులూ నిచ్చెన అడుగు మెట్టు మీదే ఉంటాయి, ఒకదాన్నొకటి చూసి నవ్వుకుంటూ.

మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషంలోనే ఈ సంగతంతా కెమెరా చెప్పేస్తుంది. ఆటస్థలం పక్క మెట్ల మీద ఓ ఫుట్‌బాల్ కుర్రాడు, ఓ చీర్‌లీడర్ ప్రేమ కబుర్లలో ఉంటారు. ఆ రోజుల్లో ఏ టీనేజ్ సిరీస్ అయినా వాళ్ళ దగ్గరే ఆగేది. ఇక్కడ కెమెరా మెట్ల సందుల్లోంచి కిందికి దిగుతుంది. కింద ఫ్రీక్స్. అక్కడి నుంచి పక్కకి జరిగితే గీక్స్, వాళ్ళని ఏడిపించడానికి వస్తున్న రౌడీ పిల్లాడు. మాటల్లో ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

కథలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఆ నిజం రుచి అర్థమవుతుంది. రచయితలకు ఫీగ్, అపటౌ ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు. హైస్కూల్లో మీకు జరిగిన అతి మంచి సంగతేమిటి, అతి ఘోరమైనదేమిటి, ఇలాంటివి. జవాబుల్లోంచే ఎపిసోడ్లు అల్లారు. సామ్ నీలం రంగు జంప్‌సూట్ ఒకటి కొనుక్కుని, హీరోలా ఉన్నాననుకుంటూ స్కూల్లో అడుగుపెట్టి, పది అడుగులు వేసేలోగా తప్పు తెలిసొచ్చే ఘట్టం ఉంది కదా, అది ఫీగ్ స్వయంగా పడ్డ అవమానమే.

పాత్రలకు పిల్లలను ఏరింది కాస్టింగ్ డైరెక్టర్ అలిసన్ జోన్స్. ఈ సిరీస్‌కి వచ్చిన ఎమ్మీ, అంటే అమెరికన్ టీవీ రంగంలో పెద్ద అవార్డు, ఆ పనికే. అలా దొరికినవాళ్ళే లిండా కార్డెలినీ, జేమ్స్ ఫ్రాంకో, జేసన్ సీగెల్, బిజీ ఫిలిప్స్, మార్టిన్ స్టార్, సామ్ లెవిన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ. సేత్ రోగెన్ వాంకూవర్ నుంచి వచ్చిన కుర్రాడు, తెర మీద అదే మొదటిసారి. అందగాళ్ళను తెచ్చి కళ్ళజోడు తగిలించే పని పెట్టుకోలేదు. నటుడు దొరికాక పాత్రనే అతనికి తగ్గట్టు తిరగరాసుకున్నారు.

పొమ్మనలేక పొగబెట్టిన తీరు

తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే కథ దానంతటదే బయటపడుతుంది.

మొదటి ఎపిసోడ్ 1999 సెప్టెంబరు 25న, శనివారం రాత్రి 8 గంటలకు. స్కూలు, కాలేజీ వయసు వాళ్ళ కోసం తీసిన సిరీస్‌ని, ఆ వయసు వాళ్ళు ఇంట్లో ఉండని రాత్రికి పెట్టారన్నమాట. దాని తర్వాత తొమ్మిదికీ పదికీ వచ్చేవి రెండు క్రైమ్ సిరీస్‌లు. వాటిని చూసే జనం వేరు, దీన్ని చూసే జనం వేరు. అదే ఎనిమిదింటికి ఫాక్స్‌లో పోలీసుల వెంట కెమెరా పరిగెత్తే కార్యక్రమం.

రెండో ఎపిసోడ్ అక్టోబరు 2న. మూడోది? అక్టోబరు 30న. మధ్యలో నాలుగు వారాల ఖాళీ. ఆ ఏడాది బేస్‌బాల్ ప్రపంచ సిరీస్ ప్రసార హక్కులు ఎన్‌బీసీవే. కొత్త సిరీస్‌కి మొదటి నాలుగైదు వారాలే ప్రాణం, అప్పుడే జనానికి ఆ రోజు, ఆ టైమూ అలవాటవుతాయి. ఇక్కడ అలవాటవుదామనుకునే లోపే మాయమైంది. నవంబరు 6న, 13న చెరొకటి వేసి మళ్ళీ ఆపారు. ఈసారి ఖాళీ ఎనిమిది వారాలు.

2000 జనవరి 10న మళ్ళీ మొదలైంది, సోమవారం రాత్రి 8కి మారి. శనివారం పీడ వదిలిందనుకుంటే ఎదురుగా నిలబడింది ‘హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్’. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ ఆట ఎంత జోరుమీద ఉండేదో తెలుగువాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మనకు ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా, తర్వాత ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’గా వచ్చింది అదే. ఆ టైములో అమెరికా అంతా లైఫ్‌లైన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

జనవరి 10 నుంచి ఫిబ్రవరి 7 దాకా వారానికొకటి చొప్పున అయిదు వచ్చాయి. ఈ సిరీస్ అన్నిటికన్నా ఎక్కువ వారాలు ఎడతెగకుండా నడిచింది అప్పుడే. మళ్ళీ అయిదు వారాల విరామం. మార్చి 13, 20 తేదీల్లో రెండు. అంతే, తీసేశారు. అప్పటికి ఎన్‌బీసీలో వచ్చినవి 12. అభిమానులు ఊరుకోకపోవడంతో జులై 8న ఒక్క రాత్రే మూడు ఎపిసోడ్లు, ముగింపుతో సహా, వరుసగా వేసి చేతులు దులుపుకున్నారు. మిగిలిన మూడు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫాక్స్ ఫ్యామిలీలో వెలుగు చూశాయి.

అంటే ఆరు నెలల్లో 12 ఎపిసోడ్లు, రెండు వేర్వేరు రోజులు, మూడు పెద్ద ఖాళీలు. ఆన్‌లైన్‌లో వెనక్కెళ్ళి చూసుకునే వీలు లేని కాలం. ఆ రాత్రి ఇంట్లో లేకపోతే, టేపు రికార్డర్ పెట్టుకోకపోతే, ఆ ఎపిసోడ్ పోయినట్టే.

లేని ఎపిసోడ్ చేసిన నష్టం

ఖాళీలకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. 4వ ఎపిసోడ్‌ను ఎన్‌బీసీ అసలు వెయ్యనే లేదు.

దాని పేరు ‘కిమ్ కెల్లీ ఈజ్ మై ఫ్రెండ్’. రాసింది మైక్ వైట్. కిమ్ కెల్లీ ఫ్రీక్స్ గుంపులో నోటి దురుసు పిల్ల. మొదటి మూడు ఎపిసోడ్లలో లిండ్సేని చూస్తేనే గిట్టదు. నాలుగో దాంట్లో ఉన్నట్టుండి ఇంటికి భోజనానికి పిలుస్తుంది. ఎందుకంటే తనకీ మంచి స్నేహితురాలు ఉందని ఇంట్లో చూపించుకోవాలి. ఆ భోజనాల బల్ల దగ్గర తల్లీ, మారుటి తండ్రీ ఆ పిల్లని మాటలతో ఎలా కుళ్ళబొడుస్తారో చూశాక కిమ్ దురుసుతనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అరుపులు, కారు వెంట పరుగులు, ఏడుపు. ఎనిమిది గంటల స్లాట్‌కి ఇది మరీ మోటుగా ఉందని పక్కన పెట్టేశారు.

ఫలితం? మూడో ఎపిసోడ్‌లో శత్రువుగా ఉన్న కిమ్, తర్వాత వచ్చినదాంట్లో స్నేహితురాలిగా కనబడింది. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్ళకు తెలియదు. రచన తేలిపోయిందనుకున్నారు. రాసిందేమో బీరువాలో ఉంది.

14వ ఎపిసోడ్ సంగతీ అంతే. అందులోని రెండు నిమిషాలు ఈ మొత్తం సిరీస్‌కే తలమానికం అని నేనంటాను. బిల్ హావర్‌చక్ స్కూలు నుంచి ఒక్కడే ఇంటికొస్తాడు. మెడలో తాళంచెవి, ఖాళీ ఇల్లు. తల్లి పనికెళ్ళింది, తండ్రి లేడు. చీజ్ శాండ్‌విచ్ కాల్చుకుంటాడు. చాక్లెట్ కేకు ముక్క, గ్లాసుడు పాలు. పళ్ళెం తెచ్చుకుని టీవీ ముందు కూర్చుంటాడు. టీవీలో గ్యారీ షాండ్లింగ్ జోకులు చెబుతుంటాడు. బిల్ నోట్లో తిండితో పడిపడి నవ్వుతాడు. మాటల్లేవు, వెనక ‘ద హూ’ బ్యాండ్ పాట ‘అయామ్ వన్’ మాత్రం వినబడుతుంటుంది. పక్కన మరో మనిషి లేని ఇంట్లో ఒక పిల్లాడు ఆ రోజుకి సంతోషాన్ని తన చేత్తో వండుకుని తింటున్నాడు. జాలిపడమని ఎవరూ అడగరు. వాడి ముఖంలో జాలి పడాల్సిందేమీ కనబడదు కూడా, అదే గుండె పట్టేస్తుంది. అదే ఎపిసోడ్‌లో తనని స్కూల్లో సతాయించే పీటీ మాస్టారే తల్లితో తిరుగుతున్నాడని వాడికి తెలుస్తుంది. ఆ శాండ్‌విచ్ దృశ్యం ముందు చూసి ఉంటేనే, ఆ ఇంట్లోకి మరో మగమనిషి రావడం వాడికి ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. ఎన్‌బీసీ ప్రేక్షకులు దీన్నీ చూడలేదు.

4, 14, 15. వెయ్యకుండా మిగిల్చినవి సరిగ్గా ఈ మూడు. కిమ్ ఇల్లు, బిల్ ఇల్లు, నీల్ ఇల్లు. స్కూల్లో నవ్వు పుట్టించే పిల్లల ఇళ్ళలోకి మనల్ని తీసుకెళ్ళినవే బయటపడకుండా పోయాయి. అన్నీ ఎవరో కావాలని ఏరారని అనను. 4ని కావాలనే తీశారు, మిగతా రెండూ రద్దు గొడవలో కొట్టుకుపోయాయి. చూసినవాడికి మాత్రం సగం సిరీసే అందింది.

లెక్కలో ఎక్కడ తేడా వచ్చింది

సగటున ఒక్కో ఎపిసోడ్‌ని 67 లక్షల మంది దాకా చూశారు. ఇవాళ అమెరికన్ ఛానెళ్ళలో ఒక కొత్త కథా సిరీస్‌కి ఆ అంకె వస్తే పండగ చేసుకుంటారు. 1999లో అదే ఎన్‌బీసీలో గురువారం వచ్చే ఆస్పత్రి కథల సిరీస్ ‘ఈఆర్’ని రెండు కోట్ల పైచిలుకు చూసేవారు. ఆ పక్కన నిలబెడితే 67 లక్షలు చిన్న అంకే.

అంకెలు తీసే పద్ధతి మన టీఆర్పీ లాంటిదే. నీల్సన్ సంస్థ దేశం మొత్తం మీద సుమారు 5,000 ఇళ్ళలో మీటర్లు పెట్టి, వాటి నుంచి దేశమంతటికీ లెక్క కట్టేది. ప్రకటనల ధర పలికేది మొత్తం జనాన్ని బట్టి కాదు, 18–49 ఏళ్ళ వాళ్ళు ఎందరున్నారన్న దాన్ని బట్టి. ఆ వయసులో చిన్నవాళ్ళు శనివారం రాత్రి ఎక్కడుంటారో పైన చెప్పుకున్నాం. కొలిచే టైమే తప్పైనప్పుడు కొలత బాగా రాదు.

దీనికి తోడు నిర్మాణం లెక్క. అక్కడ ఛానెల్ ఇచ్చే డబ్బు సాధారణంగా తీసిన ఖర్చుకి సరిపోదు. ఆ లోటు నిర్మాణ సంస్థ భరిస్తుంది, ఎపిసోడ్లు 88 నుంచి 100 దాకా పోగయ్యాక స్థానిక ఛానెళ్ళకు పునఃప్రసారానికి అమ్ముకుని లాభం చూసుకుందామని. రోజుకొకటి చొప్పున వేసుకోవాలంటే అన్ని ఉండాలి మరి. 18 ఎపిసోడ్లంటే మూడు వారాల్లో అయిపోతాయి. దాన్ని కొనేవాళ్ళుండరు. మొదటి సీజన్ మధ్యలో ఆగిన ఏ సిరీస్‌కైనా పట్టే గతి ఇదే: ప్రసారమప్పుడు నష్టం, తర్వాత అమ్మకం లేదు, కాబట్టి మళ్ళీ కనబడే దారీ లేదు.

ఛానెల్ తరఫు వాదన కూడా వినాలి. గంట నిడివి, నవ్వుల ట్రాక్ లేదు, పట్టి చూస్తే కామెడీ, వదిలేస్తే డ్రామా. ఆ రోజుల్లో కామెడీ అంటే అరగంట, వెనకనుంచి జనం నవ్వులు. దీని ప్రోమో ఎలా కోయాలో వాళ్ళకు నిజంగానే అంతుపట్టి ఉండదు. పైగా ఇది చూడటం సుఖంగా ఉండదు. పక్కవాడి అవమానాన్ని గంటసేపు చూడటానికి కాస్త గుండె కావాలి. పిల్లలకి అప్పుడప్పుడు గెలుపులు ఇవ్వండి అని ఛానెల్ పెద్దలు అడిగారు. దానికి సిరీస్ ఇచ్చిన జవాబు చూడండి. పీటీ క్లాసులో బేస్‌బాల్ ఆట. ఎప్పుడూ మూలకి తోసేసే బిల్ ఈసారి గాల్లోకి లేచిన బంతిని నిజంగానే పట్టేస్తాడు. వాడూ నేస్తాలూ మ్యాచ్ గెలిచినట్టు గంతులేస్తూ కావలించుకుంటారు. ఆట ఇంకా అవలేదు. వీళ్ళు సంబరం చేసుకుంటుంటే అవతలి జట్టు పరుగులు పెట్టుకుంటూ పోతోంది. గెలుపు ఇవ్వమన్నారు, ఇచ్చారు.

ఆపేస్తారన్న వాసన ముందే తగలడంతో ముగింపును, మధ్యలోవి ఇంకా తీయాల్సి ఉండగానే, ముందుగా తీసి పెట్టుకున్నారు. దర్శకత్వం ఫీగ్‌దే. అందుకే అర్ధాంతరంగా ఆగినా ఈ కథ తెగిపోయినట్టు ఉండదు. లెక్కల పరీక్ష తప్పించుకోడానికి ఫైర్ అలారం లాగిన డేనియల్‌కి శిక్షగా ఆడియో విజువల్ గదిలో గీక్స్‌తో పని వేస్తారు. ఫ్రీక్స్‌లో అందరికన్నా అందగాడు, అందరికన్నా చులకనగా చూడబడేవాళ్ళతో కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్ర పుచ్చుకుని ఊహల్లో సాహసాలు చేసే ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆడతాడు, కార్లోస్ అనే మరుగుజ్జు పాత్ర పుచ్చుకుని. ఆనందంగానూ ఉంటాడు. వాడు మనలాంటివాడు అయిపోయాడా, మనం వాడిలాంటి వాళ్ళమయ్యామా అని పిల్లలు ఆశగా మాట్లాడుకుంటారు. ఇక్కడో చిన్న ముచ్చట: సామ్‌గా వేసిన జాన్ ఫ్రాన్సిస్ డేలీ పెద్దయ్యాక దర్శకుడై, 2023లో అదే ఆట మీద వచ్చిన భారీ సినిమాకి సహదర్శకత్వం వహించాడు.

పాటలు కట్టేసిన తాళం

ప్రసారం ముగిశాక డీవీడీ రావడానికి 2004 ఏప్రిల్ దాకా పట్టింది. కారణం పాటలు.

ఇందులో వినబడేవన్నీ ఆ రోజుల్లో రేడియోలో మోగిన అసలు పాటలు. టైటిల్స్ మీద జోన్ జెట్ పాడిన ‘బ్యాడ్ రెప్యుటేషన్’, లోపల ద హూ, స్టిక్స్, వాన్ హాలెన్, గ్రేట్‌ఫుల్ డెడ్. ఒక పాట వాడుకోవాలంటే రెండు అనుమతులు కావాలి. రాసి, బాణీ కట్టినవాళ్ళ హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ మీద కంపెనీకి ఉండే హక్కు మరొకటి. ఏ ఒక్కరు కుదరదన్నా పాట పోతుంది. పైగా టీవీ ప్రసారానికి తీసుకున్న అనుమతి డీవీడీకి చెల్లదు. 1999లో ఆగిపోయేలా ఉన్న సిరీస్‌కి, ఎప్పటికో వచ్చే డీవీడీ కోసం ముందే డబ్బు కట్టేవారెవరు? తర్వాత కట్టాలంటే ప్రతి పాటకీ మళ్ళీ రెండు బేరాలు. ఒకరికి ధర పెంచితే మాకూ అంతే ఇవ్వాలనే షరతు ఈ ఒప్పందాల్లో మామూలే కాబట్టి, ఒక పెద్ద బ్యాండ్ మెలిక పెడితే ఖర్చు అన్ని వైపులా పెరుగుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని పాటలు తీసేసి, అలాగే వినబడే చవక సంగీతం పెట్టడం. 1970ల చివర్లో వచ్చిన రేడియో స్టేషన్ కామెడీ ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’కి అదే జరిగింది. ఫీగ్, అపటౌ దానికి ఒప్పుకోలేదు. ఎందుకో తెలియాలంటే మొదటి ఎపిసోడ్ ఆఖరి దృశ్యం చూడాలి. స్కూల్ డాన్స్. సామ్ ఎన్నాళ్ళగానో మనసు పడ్డ సిండీతో డాన్స్ చెయ్యాలి. మోగుతున్నది స్టిక్స్ వాళ్ళ ‘కమ్ సెయిల్ అవే’. నెమ్మదిగా పియానోతో మొదలయ్యే పాట, దగ్గరగా నిలబడి ఊగితే చాలు, డాన్స్ రాకపోయినా నెట్టుకు రావచ్చు. ధైర్యం కూడగట్టుకుని అడిగి, ఇద్దరూ మధ్యలోకి చేరేసరికి పాట ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. సామ్ కొయ్యబారిపోతాడు. సిండీ గెంతడం మొదలుపెడుతుంది, వాడూ తోచినట్టు గెంతుతాడు. జోకూ, భయమూ, విడుదలా అన్నీ ఆ పాట మలుపులోనే ఉన్నాయి. దాన్ని తీసి వేరేది పెడితే దృశ్యమే ఉండదు.

చివరికి షౌట్ ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థ ఆ బేరాలన్నీ నెత్తినేసుకుని, పాటలతో సహా ఆరు డిస్కుల సెట్టు తెచ్చింది. డీవీడీ కావాలని ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టిన అభిమానుల కోసం స్కూల్ ఇయర్‌బుక్‌లా కట్టిన ఎనిమిది డిస్కుల ప్రత్యేక సెట్టు వేరే. 2016లో బ్లూరే, 2021 జనవరిలో అమెరికాలో హులూ అనే ఆన్‌లైన్ వేదికలో, మళ్ళీ అవే పాటలతో. ఈ వ్యవధిలో అపటౌ, ఫీగ్ సినిమాల్లో పెద్దవాళ్ళయ్యారు, రోగెన్, సీగెల్ హీరోలయ్యారు. వాళ్ళ పేర్లు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే ఈ సిరీస్‌కి రెండో విడత ప్రేక్షకులు. 2007లో టైమ్ పత్రిక వేసిన వంద గొప్ప టీవీ కార్యక్రమాల జాబితాలో దీనికీ చోటు దొరికింది. ప్రసారమైన ఏడాది ఇందులో పదోవంతు పేరొచ్చినా రెండో సీజన్ ఉండేదేమో.

చూసేవాళ్ళకు

మొత్తం 18, ఒక్కోటి ప్రకటనలు పోను నలభై నిమిషాల పైన. రోజుకు రెండు మించకండి, వరుసగా మింగేస్తే సామ్ అవమానాలకు మొద్దుబారిపోతాం. మధ్యలోంచి ఒకటి చూసి రుచి తేల్చుకుందామనుకుంటే పనికిరాదు. 12వది, 14వది విడిగా కూడా బాగుంటాయి కానీ నీల్ ఎలాంటి వాగుడుకాయో, బిల్ ఎంత నెమ్మదో ముందు తెలియకపోతే సగం అందదు. మొదటి రెండు ఎపిసోడ్లకు నచ్చకపోయినా 4వ దాకా ఆగండి. అప్పటికీ పట్టకపోతే ఇది మీకు సరిపడదంతే.

ముఖ్యంగా వరుస చూసుకోండి. డీవీడీలో ఉన్నదే సరైన వరుస. ప్రసార తేదీల ప్రకారం పేర్చిన జాబితాలూ తిరుగుతుంటాయి. వాటిని నమ్మితే 1999లో ఎన్‌బీసీ ముందు కూర్చున్నవాళ్ళకు పట్టిన గతే మీకూ పడుతుంది. తేలికైన గుర్తు ఒకటుంది. మూడోది హాలోవీన్ రాత్రి కథ, ఆ రాత్రి లిండ్సే తన తమ్ముడనే తెలియక సామ్ మీదే కోడిగుడ్డు విసురుతుంది. దాని తర్వాత కిమ్ ఇంట్లో భోజనాల బల్ల రావాలి. అది రాకుండా డేనియల్ లెక్కల పరీక్షలో కాపీ కొట్టే కథ మొదలైందంటే, అక్కడే ఆపి నాలుగోది వెతుక్కోండి.